రెండు నిమిషాల మెరుగు

ఇది భోజనానికి కూర్చునే ముందు చదవాల్సిన సంగతి కాదు. తిన్నాక చదివితే ఇంకా కష్టం. ఎప్పుడు చదువుతారో మీ ఇష్టం, తర్వాత నన్ననొద్దు.

నా నోట్లో ఇరవై ఎనిమిది పళ్ళున్నాయి. ఒక్కటీ నాది కాదు. అన్నీ మా ఆయన చేతి పని. ఆయన కట్టుడు పళ్ళు చేసే మేస్త్రి. డాక్టరు కాదు. డాక్టర్లు మనుషుల నోళ్ళలో మెత్తటి ముద్ద పెట్టి కొలతలు తీసి మాకు పంపుతారు. మేం ఆ కొలతల్లో ప్లాస్టర్ పోసి దవడలు తీసి, వాటి మీద మైనం పరిచి, పళ్ళు పేర్చి, గులాబీ రంగు చిగుళ్ళు పోతపోసి, పై సెట్టూ కింది సెట్టూ తయారుచేసి డబ్బాలో పెట్టి తిప్పి పంపుతాం. మేం అంటే మేమిద్దరమే. ఆయన కడతారు, నేను మెరుగు పెడతాను. డాక్టర్లందరూ ఆయన్ని మాస్టారంటారు. నన్ను ఏమీ అనరు. నేను ఫోనెత్తితే మాస్టారున్నారా అని అడుగుతారు.

ఇంటి ముందు భాగంలో ఉన్న రెండు గదులే మా కార్ఖానా. మొదటి గదిలో కిటికీ కింద ఆయన బల్ల, బల్ల మీద దీపం, సన్నటి చాకులు, మైనం కరిగించే చిన్న స్టవ్వు. గోడ నిండా అరలు, అరల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చూసి గుమ్మంలోనే ఆగిపోతారు. రెండో గది నాది. అందులో గోడకి బిగించిన మోటారు, దానికి రెండు పక్కలా గుడ్డ చక్రాలు. ఒకదాని మీద బూడిద రంగు ఇసక బురద పూసి సెట్టు ఆనిస్తే గరుకు పోతుంది. రెండో దాని మీద తెల్ల పొడి పూసి ఆనిస్తే నిగనిగలాడుతుంది. బురద చిమ్మి మొహం నిండా పడుతుంది కాబట్టి కళ్ళద్దాలు, మాస్కు, తలకి గుడ్డ. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నా వేషం అదే. రెండు గదులకీ మధ్య ఉన్నది ఉత్త చెక్క గోడ. అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది.

మా దగ్గర మనుషులకి పేర్లుండవు. చీటీ మీద నంబరు, పళ్ళ రంగు, ఆడా మగా, అంతే. నాలుగొందల పన్నెండు లావో సన్నమో, పెద్ద ఉద్యోగో కూలివాడో మాకు తెలీదు. దవడ మాత్రం తెలుసు.

వేసుకున్నవాళ్ళకి నొప్పి పుడితే డబ్బా తిరిగొస్తుంది. చీటీ మీద డాక్టరు ఎర్ర సిరాతో రాసి పంపుతారు. కింద కోస్తోంది, పైది జారుతోంది, పెట్టుకుంటే వాంతొస్తోంది, ఇలా. మొదట్లో మా ఆయన అరలోంచి ఆ నంబరు దవడ తీసి, సెట్టుని దాని మీద కూర్చోబెట్టి చూసేవారు. ప్లాస్టర్ మీద అది అతికినట్టు కూర్చునేది. ప్లాస్టర్‌కి నొప్పేమిటి నా మొహం. "పనిలో తప్పు లేదు, నోరే అలవాటు పడాలి" అని డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టేవారు. తర్వాత్తర్వాత దవడ తీసి చూడడం కూడా మానేశారు. చీటీ చదివి, "రెండు నిమిషాలు పట్టు" అనేవారు. అంటే తెల్ల పొడి చక్రం మీద రెండు నిమిషాలు మెరుగు పెట్టి, కొత్త కవర్లో వేసి పంపెయ్యమని. సెట్టులో వెంట్రుకవాసి కూడా మారదు. మెరుపు మాత్రం వస్తుంది.

ఇది ఆయన కనిపెట్టిన విద్య కాదు. ఆయనకి పని నేర్పిన పెద్దాయన దగ్గర్నుంచి వచ్చింది. తిరిగొచ్చిన దాన్ని గీకడం మొదలుపెడితే గీకుతూనే ఉండాలి, చివరికి చేతిలో పొడే మిగులుతుంది అని ఆ పెద్దాయన అనేవాడట. మా ఆయన దాన్ని మోసమనుకోలేదు, ఇప్పటికీ అనుకోరేమో. పదింట్లో తొమ్మిది డబ్బాలు మళ్ళీ వచ్చేవి కావు మరి. డాక్టర్లు ఫోన్ చేసి, ఇప్పుడు బాగుందంటున్నారు మాస్టారూ అనేవారు. మా ఆయన నావంక చూసి కనుబొమలెగరేసేవారు. నేను మాస్కు లోపల నవ్వేదాన్ని. అవును, నవ్వేదాన్ని. అప్పటికి నా పళ్ళు నావే.

యాభై మూడో ఏట నా చిగుళ్ళు కరిగిపోయాయి. పళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఊగడం మొదలుపెట్టాయి. మాకు అందరికన్నా ఎక్కువ పని పంపే డాక్టరమ్మే నాలుగు విడతల్లో అన్నీ పీకేసింది. పుళ్ళు మానడానికి మూడు నెలలు ఆగాలంది. ఆ మూడు నెలలూ పలచటి జావ తాగి బతికాను. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం లేచి ముక్కుని పలకరించడానికి బయల్దేరింది. అద్దంలో చూసుకుంటే మా నాన్నమ్మ కనబడేది, అదీ పోయే ముందు నాన్నమ్మ.

మా ఆయనకి మాత్రం సంబరమే. ఇంతకాలం ఊరందరికీ కట్టిన మనిషి ఇంట్లో మనిషికి కడుతున్నాడు. మిగతా పనులన్నీ పక్కన పడేసి మూడు రోజులు నా సెట్టు ముందే కూర్చున్నారు. "నీకు కట్టినంత శ్రద్ధగా ఎవరికీ కట్టలేదు" అని నాతో అన్నారు, డబ్బాలు తెచ్చే మనిషితో అన్నారు, మా అమ్మాయికి ఫోన్ చేసి మరీ చెప్పారు. రంగు దగ్గర పట్టుబట్టారు. మరీ తెల్లవైతే నీ వయసుకి ఎబ్బెట్టుగా ఉంటాయని కాస్త పసుపు కలిసినవి ఏరారు. కట్టడం అయ్యాక తెచ్చి నా చేతిలోనే పెట్టారు. నా పళ్ళకి నేనే మెరుగు పెట్టుకున్నాను. ఇలాంటి భాగ్యం ఎంతమందికి పడుతుంది?

డాక్టరమ్మ వాటిని నా నోట్లో పెట్టగానే నాకేమనిపించిందంటే, ఎవరిదో చెప్పు నోట్లో కుక్కినట్టుంది. నా నోరు వట్టి పిచ్చిది, అది తిండే అనుకుని ఊట ఊరించడం మొదలుపెట్టింది. మింగుతుంటే తరగదు. మాట్లాడదామని తెరిస్తే పెదవి చివర నుంచి కారుతుంది. దారి పొడుగునా రుమాలు అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చాను. అంగిలి మీద ప్లాస్టిక్ మూత పడేసరికి వేడీ చల్లనా తెలియడం మానేసింది. కాఫీ గొంతులోకి దిగాక గానీ కాలిందని తెలియలేదు. రుచి సంగతి అడక్కండి. ఏం నమిలినా సబ్బు నమిలినట్టే ఉంది, ఎందుకంటే నేను నమిలేది సబ్బు రంగు ప్లాస్టిక్‌తో.

అది కూడా నయమే. తిన్నాక తీసి కడుక్కోవాలి చూడండి, అదీ అసలు ముచ్చట. మొదటిసారి కింది సెట్టు ఊడదీసి తిప్పి చూశాను. లోపలి వైపంతా నమిలీ నమలని మెతుకులు, ఆకుకూర పీచు, టమాటా గింజలు, వాటన్నిటినీ కలిపి పట్టుకున్న తెల్లటి జిగురు. వేలితో లాగితే తీగ సాగింది. దాని వాసన నేను చెప్పను. నా నోట్లోంచే వచ్చింది కదా అని సర్దిచెప్పుకుందామన్నా వల్ల కాలేదు. పై సెట్టు జారకుండా ఉండడానికి ఒక పేస్టు ఇస్తారు. అది వేడి తగిలితే కరిగి, సాయంత్రానికి నాలిక్కి చుట్టుకుని, బంక చేతికంటినట్టు ఎంత గీకినా వదలదు. పడుకునే ముందు రెంటినీ తీసి గ్లాసు నీళ్ళలో వెయ్యాలి. పొద్దున లేచేసరికి ఆ నీళ్ళ మీద సన్నటి పొర. ఇరవై ఆరేళ్ళు ఈ వస్తువుని అద్దంలా తయారుచేసి పంపాను. మర్నాటి నుంచి దానికి పట్టే గతి ఒక్కనాడూ ఆలోచించలేదు.

మా మనవరాలికి ఆరేళ్ళు. ఆదివారం వచ్చి నా ఒళ్ళో కూర్చుని, నేను కథ చెప్తుంటే కాసేపు విని, "అమ్మమ్మా, నీ నోట్లో ఎవరో చెప్పులేసుకుని నడుస్తున్నారు" అంది. మా అమ్మాయి పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయాను, పై సెట్టు ఊడి కింది సెట్టు మీద పడింది. పిల్ల జడుసుకుని ఒళ్ళోంచి దిగిపోయింది. తర్వాత రెండు ఆదివారాలు నా దగ్గరికి రాలేదు.

సరే, అసహ్యానికి ఎలాగో అలవాటు పడతాం. నొప్పి వేరు. నాలుగో రోజు నుంచి కింద ఎడమ పక్క, బాగా వెనకాల, సెట్టు అంచు చిగురుని కొయ్యడం మొదలుపెట్టింది. పళ్ళు కలిపినప్పుడల్లా ఒక కోత. వారానికి అక్కడ తెల్లటి పుండు లేచింది. మా ఆయనతో చెప్పాను. కొత్త కదా, అలవాటవుతుందన్నారు. పదో రోజున మళ్ళీ చెప్పాను. ఓపిక పట్టాలన్నారు. పోనీ నోరు తెరుస్తాను, ఎక్కడ కోస్తోందో మీరే చూడండి అని ఆయన ముందు కూర్చుని నోరు తెరిచాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని మొహం పక్కకి తిప్పేసుకున్నారు.

ఇది కొంచెం చెప్పాలి. మా ఆయనకి నోరంటే రోత. పొద్దస్తమానం దవడలతో పనిచేసే మనిషికి అదేం పాపమో గానీ, అంతే. పెళ్ళైన కొత్తలో నేను తాగిన గ్లాసుతో నీళ్ళు తాగేవారు కాదు. మా అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు చొంగ కారుస్తూ దగ్గరికి పాకుతుంటే లేచి పక్క గదిలోకి పోయేవారు. డాక్టర్లు పంపిన కొలత ముద్దల్ని మందు నీళ్ళలో రెండుసార్లు ముంచి పట్టుకారుతో తీస్తారు తప్ప చేత్తో ముట్టరు. ఇన్నేళ్ళలో ఆయన బతికున్న మనిషి నోట్లో వేలు పెట్టింది లేదు. ఆయనకి ప్లాస్టర్ చాలు. అది తెల్లగా, పొడిగా, నోరు మూసుకుని ఉంటుంది.

మొహం తిప్పుకునే, "ఇటివ్వు, సరిచేసి తెస్తాను" అన్నారు. కడిగి తుడిచి గుడ్డలో పెట్టి ఇచ్చాను. నేను వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను. ప్రాణం లేచొచ్చింది అంటారే, అలా ఉంది. అరగంటలో ఈ పీడ వదుల్తుందనుకున్నాను. అప్పుడు వినబడింది.

సెట్టు అంచు తగ్గించాలంటే బర్ వాడాలి. బర్ అంటే గిర్రున తిరిగే చిన్న ఉక్కు ముల్లు. అది ప్లాస్టిక్‌కి తగిలితే కీచుమంటుంది, విన్నవాళ్ళ ఒళ్ళు జలదరిస్తుంది. నాకు వినబడింది ఆ చప్పుడు కాదు. గుయ్యిమని మెత్తగా, నిదానంగా, చెక్క గోడకి ఇవతల నా గదిలోంచి వస్తోంది. నా మోటారు, నా గుడ్డ చక్రం. ఇరవై ఆరేళ్ళుగా దాని పక్కనే నిలబడి బతికినదాన్ని, ఏ చక్రానికి సెట్టు ఆనిందో కూడా చెప్పగలను. ఆయన నా గదిలోకి వెళ్ళి నా చక్రం మీద నా పళ్ళకి రెండు నిమిషాల మెరుగు పెడుతున్నారు. ఎవరి చెవులు వింటున్నాయో ఆ మనిషికి తట్టలేదు.

తెచ్చి చేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉన్నాయి, తళతళలాడుతున్నాయి. "ఇప్పుడు వేసుకుని చూడు" అన్నారు. వేసుకున్నాను. అదే చోట అదే కోత. ఆయన నా ఎదురుగా నిలబడి, తలుపు చప్పుడు సరిచేసిన వడ్రంగిలా నమ్మకంగా నా మొహంలోకి చూస్తున్నారు. ఎలా ఉందని అడిగారు.

"బాగుంది" అన్నాను.

ఎందుకన్నానో ఆ పూటంతా నాకే అర్థం కాలేదు. ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు. అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం ఆ మాటే. ఆయన అలా చూస్తుంటే, ఇంకా నొప్పిగానే ఉందంటే తప్పు నా నోటిదే అన్నట్టుంది. పోనీ అన్నాననుకోండి, ఏం జరుగుతుంది? మళ్ళీ ఇటివ్వమంటారు, మళ్ళీ గుయ్యిమంటుంది. ఇన్నేళ్ళు డాక్టర్లు ఫోన్ చేసి ఇప్పుడు బాగుందంటున్నారు అని చెప్పిన మనుషులంతా ఒక్కసారిగా గుర్తొచ్చారు. వాళ్ళు మోసపోయారనుకుని నవ్వుకున్నాను నేను. వాళ్ళెవరూ మోసపోలేదు. అడిగి అడిగి విసిగిపోయారు, అంతే. నామీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

ఆ తర్వాత అడగడం మానేశాను. పళ్ళు తీసి పక్కన పెట్టుకుని వంటింట్లో ఒక్కదాన్నే మెత్తటివి మింగడం మొదలుపెట్టాను. ఆయనకి వడ్డించి, నాకు తర్వాత తినడం అలవాటని చెప్పేదాన్ని. ఆయన నమ్మారు. నమ్మడమే కాదు, ఫోన్లో డాక్టర్లకి నన్నే చూపించడం మొదలుపెట్టారు. మా ఆవిడే సాక్ష్యమండీ, పది రోజుల్లో అలవాటైపోయింది, మీ పేషెంట్లకి ఓపిక లేదు గానీ అని. చెక్క గోడకి ఇవతల నేను ఎవరివో పళ్ళు చక్రానికి ఆనించి వింటూ ఉండేదాన్ని. పళ్ళు నూరుకుందామంటే అవి కూడా ఆయన చేసినవే అయిపోయాయి. నెలన్నరకి నా జాకెట్లన్నీ వదులైపోయాయి. పుండు మానలేదు. పైగా లోతు పడుతోంది, నాలుకతో తడిమితే తెలుస్తోంది.

నీకు పని తెలుసుగా, నువ్వే గీక్కోవచ్చుగా అంటారేమో. అదీ ప్రయత్నించాను. ఆయన ప్లాస్టర్ బస్తా కోసం బజారుకెళ్ళినప్పుడు బల్ల ముందు కూర్చుని బర్ చేతిలోకి తీసుకున్నాను. అద్దంలో నోరు చూసుకుందామంటే నాలుక అడ్డం, చెంప అడ్డం. ఎంత తియ్యాలో, ఎక్కడ ఆపాలో తెలీదు. అన్నిటికన్నా ముందు, అసలు నేనెందుకు చెయ్యాలి అనిపించింది. నా నొప్పి ఈ మనిషికి తెలియాలి. తెలియకుండా నా అంతట నేను బాగుచేసుకుంటే ఇక జన్మలో తెలియదు. బర్ అక్కడే పెట్టేసి లేచొచ్చాను.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నోట్లోకి లైటు వేసి చూసి చీవాట్లు పెట్టింది. ఇన్నాళ్ళు ఎలా ఊరుకున్నారు, ఇలాంటి పుండు మానకుండా ఉండడం మంచిది కాదు, వేరే జబ్బులకి దారితీస్తుంది అంది. అరబియ్యపు గింజంత అంచు తీస్తే సరిపోతుంది, ఐదు నిమిషాల్లో ఇక్కడే గీకేస్తానని చెయ్యి చాచింది. అంత తేలికైతే మాకు తిరిగి పంపడమెందుకు అని అడిగాను. ఆవిడ లైటు ఆపేసింది.

"మీ దగ్గర్నుంచి తిరిగొచ్చినవి ఎలా వెళ్ళాయో అలాగే వస్తాయని నాకు తెలుసమ్మా. మళ్ళీ నొప్పంటూ వచ్చినవాళ్ళకి నేనే ఇక్కడ గీకి ఇస్తుంటాను."

"మళ్ళీ రానివాళ్ళకి?"

ఆవిడ లేచి కుళాయి తిప్పి చాలాసేపు చేతులు కడుక్కుంది. రానివాళ్ళ సంగతి నాకెలా తెలుస్తుందమ్మా అంది. ఆవిడ తెల్ల కోటు, నా మాస్కు, మా ఆయన పట్టుకారు, అన్నీ ఒక్కలాగే కనబడ్డాయి నాకు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి డబ్బా తిప్పుకుంటూ ముగ్గురం కలిసి ఎంతమంది నోళ్ళు మూయించామో.

రెండు సెట్లూ ఆవిడ చేతిలోనే పెట్టి, వీటిని మీరు ముట్టుకోవద్దు, కొత్త నంబరు వేసి తిరిగొచ్చిన పనిగా మాకే పంపండి అన్నాను. ఆవిడ ముందు నవ్వింది. మాస్టారు డబ్బా మూత తియ్యగానే గుర్తుపట్టేస్తారు, నా మీద కోప్పడతారు అంది. గుర్తుపడితే అంతకన్నా కావలసిందేముంది అన్నాను. ఆ మాట మనసులోంచే అన్నాను. ఎవరికీ కట్టనంత శ్రద్ధగా కట్టిన పళ్ళాయె. చూడగానే, ఇవి నీవి కదూ, ఇంకా నొప్పేనా అని ఆయన నా గదిలోకి వస్తే చాలు, ఈ నెలన్నరా గాలికి వదిలేద్దామనుకున్నాను. డాక్టరమ్మ రెండు రోజులు గడువిచ్చింది. ఆ తర్వాత ఎవరేమన్నా తనే గీకేస్తానంది. చీటీ మీద ఆరువందల ఎనభై ఎనిమిది, ఆడ, అని రాసి కింద ఎర్ర సిరాతో, కింద ఎడమ పక్క వెనకాల పుండు పడింది, దయచేసి అంచు తగ్గించండి అని రాసింది.

మర్నాడు పదకొండు గంటలకి డబ్బాల మనిషి వచ్చి నాలుగు డబ్బాలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నేను నా గది గుమ్మంలో మాస్కుతో నిలబడ్డాను. ముందు రోజు నుంచీ నా నోట్లో పళ్ళు లేవు. ఆ సంగతి ఆయన గమనించలేదు, మాస్కు తీసి ఉన్నప్పుడూ గమనించలేదు. మూడో డబ్బా నాది. మూత తీశారు, మందు నీళ్ళలో ముంచారు, పట్టుకారుతో పట్టి కిటికీ వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పారు. ఆయన పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. గుర్తుపట్టారనుకున్నాను.

"పని చూడు ఎంత నీటుగా ఉందో" అన్నారు తనలో తాను. చీటీ చదివారు. అరలోకి చూడనైనా చూడలేదు. చూసి ఉంటే ఆ నంబరు దవడ మా ఇంట్లోనే లేదని తెలిసేది. నాలుగడుగులు వేసి వచ్చి డబ్బా నా చేతికిచ్చి, "రెండు నిమిషాలు పట్టు" అని తిరిగి వెళ్ళి కూర్చున్నారు.

తల కొట్టేసినట్టయింది నాకు. కోపం కూడా రాలేదు, వట్టి వెగటు. ఆయన మీద, ఆ గది మీద, చేతిలో తళతళలాడుతున్న ఆ వస్తువు మీద. మోటారు వెయ్యకుండా అలాగే నిలబడ్డాను. కరెంటు పోయిందా అని అవతల్నుంచి అడిగారు. నేను మాస్కు తీసేసి, పళ్ళు కుళాయి కింద కడిగి, రెండూ నోట్లో పెట్టుకుని, వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"ఆరువందల ఎనభై ఎనిమిది నేనే" అన్నాను.

ఆయన నా మొహం చూశారు, ఖాళీ డబ్బా చూశారు, చీటీ మళ్ళీ చదివారు. తెలియడానికి కాసేపు పట్టింది. తెలిశాక ముందు కోపమే వచ్చింది. డాక్టరమ్మ తనతో ఆటలాడుతోందా అన్నారు, ఇద్దరూ కలిసి తన పరువు తీస్తున్నారా అన్నారు. ఆవిడ కళ్ళతో చూసింది రాసింది, మీరూ చూసి మాట్లాడండి అన్నాను. కింది సెట్టు ఊడదీసి బల్ల మీద పెట్టాను. దాన్నుంచి ఉమ్మి తీగ సాగి ఆయన చీటీ మీద పడింది. ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. వెనక గోడ ఉంది, ఇక జరగడానికి చోటు లేదు. నేను నోరు తెరిచి, ఆయన మణికట్టు పట్టుకుని, చూపుడు వేలు తీసుకెళ్ళి పుండు మీద ఆనించాను.

ఆయన ఒళ్ళంతా ఒక్కసారి అదిరింది. వేలు లాక్కుని కుళాయి దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకున్నంత పని చేశారు. సబ్బు రాసి కడిగారు, మళ్ళీ రాసి కడిగారు, మూడోసారి కూడా కడిగారు. నేను ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. నా నోట్లో ఉప్పగా రక్తం తగిలింది. ముప్పై ఏళ్ళ కాపురం చేసిన మనిషికి నా నోరు ఇంత రోతా అనుకుంటే, ఏడుపు రాలేదు గానీ అక్కడినుంచి ఎక్కడికైనా పోవాలనిపించింది.

కుళాయి కట్టేసి వచ్చారు. చేతులు తుడుచుకోలేదు. నా మొహంలోకి చూడకుండా, మళ్ళీ ఒకసారి తెరవమన్నారు. ఈసారి తనే వేలు పెట్టారు. కళ్ళు గట్టిగా మూసుకుని, మందు మింగుతున్న పిల్లాడిలా మొహం పెట్టి, నెమ్మదిగా తడిమారు. వేలు గుంటలోకి దిగిన చోట ఆగిపోయింది. నేను మూలిగాను. ఆయన కళ్ళు తెరిచారు.

"గుంట పడిందే" అన్నారు.

కూర్చుని, బల్ల మీది సెట్టుని పట్టుకారు లేకుండా చేత్తోనే తీసుకుని బర్ వేశారు. కీచుమంది. ఇన్నేళ్ళలో తిరిగొచ్చిన డబ్బా మీద ఆ చప్పుడు వినడం నాకదే మొదలు. గీకి ఇచ్చారు, పెట్టుకున్నాను, ఇంకా ఉందన్నాను. మళ్ళీ గీకారు. బాగుందా అని అడగలేదు, ఎక్కడ తగులుతోందని అడిగారు. నాలుగోసారి పెట్టుకుని పళ్ళు కలిపితే కోత లేదు. పచ్చి పుండు సలుపు మాత్రం ఉంది. అదే చెప్పాను.

ఆయన తలూపి, బర్ ఆపి, వేలిగోళ్ళలో ఇరుక్కున్న గులాబీ పొడి చూసుకుంటూ కూర్చున్నారు. తర్వాత తలెత్తి అరలవైపు చూశారు. కింది వరస నుంచి పై వరస దాకా చూశారు. నన్ను కాదు గోడని అడిగినట్టు అడిగారు.

"మిగతావాళ్ళందరూ బాగుందనే అన్నారు కదా?"

"నేనూ బాగుందనే అన్నాను కదా" అన్నాను.